జనవరి ఒకటి, వెనక సీటు

జనవరి ఒకటో తారీకు పొద్దున్నే నాకు ఫోన్ చేసి హ్యాపీ న్యూ ఇయర్ చెప్పేవాళ్ళకి వెనకాల ఒక పాత అమెరికన్ గొంతు వినిపిస్తుంది. కాస్త ముక్కుతో పలికే గొంతు. ఒక్కో మాట చివర విరిగినట్టు పైకి లేచి, మళ్ళీ జారి కిందికి వచ్చే గొంతు. దగ్గరివాళ్ళు ఇక అడగడం మానేశారు. మా ఇంట్లో కొత్త సంవత్సరం హ్యాంక్ విలియమ్స్‌తోనే మొదలవుతుంది. అమెరికా పల్లె సంగీతం, వాళ్ళు కంట్రీ అనేది, పాడిన గాయకుడు. ఆయన పోయిన రోజు అది. 1953 జనవరి 1. వయసు ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆయన కథ చాలామంది రాశారు. నేను రాయాలనుకుంటున్నది ఆయన గురించి కొంత, ఆ రాత్రి ఆయన కారు నడిపిన కుర్రవాడి గురించి కొంత, మా నాన్న గురించి కొంత. ఈ మూడూ నాకు విడివిడిగా గుర్తురావు.

2004 ఆగస్టులో నేను టెనెసీలోని నాక్స్‌విల్‌కి ఎంఎస్ చదవడానికి వెళ్ళాను. వారానికి ఇరవై గంటలు క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. నాకు కెఫెటీరియాలో గిన్నెలు కడిగే చోట దొరికింది. డిష్‌రూమ్ అంటారు. బెల్టు మీద ఎంగిలి ట్రేలు వస్తూ ఉంటాయి. తిండి గీకి పారేసి, ప్లేట్లు రాక్‌లో నిలబెట్టి, మెషిన్‌లోకి తోయాలి. అవతల వైపు నుంచి ఆవిర్లు కక్కుతూ బయటికి వస్తాయి. పది నిమిషాలకే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు. అరవై దాటిన తెల్లాయన, ఆ చుట్టుపక్కల కొండల్లో పుట్టి పెరిగిన మనిషి. గోడ మీద అలమరలో చిన్న టేప్ రికార్డర్ పెట్టుకునేవాడు. ఆవిరికి పాడవకుండా దానికి బ్రెడ్ ప్యాకెట్ కవరు తొడిగి, మూతి రబ్బరుబ్యాండుతో కట్టేవాడు. ఆ కవరులోంచే పాట వచ్చేది. మెషిన్ మోత మధ్య మాటలేవీ నాకు అందేవి కావు. కానీ ఆ గొంతు విరగడం మాత్రం వినిపించేది. మా ఊళ్లో రాత్రిళ్ళు ఏక్‌తార మీటుతూ తత్వాలు పాడుకునే ముసలాయన ఒకడు ఉండేవాడు. ఆయన గొంతు కూడా సరిగ్గా అలాగే, చరణం చివర తెగినట్టు తెగి మళ్ళీ అతుక్కునేది. రెండింటికీ ఏ సంబంధమూ లేదని తెలుసు. అయినా గరిట చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాను.

పెద్దాయన అది చూశాడు. సెలవులకు ముందు ఒక రోజు టేపు తిప్పి పెడుతూ, ఈ పాడే మనిషి చివరిసారి పడుకున్న హోటల్ ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉందని చెప్పాడు. గే స్ట్రీట్‌లో, నది ఒడ్డున ఉన్న ఆండ్రూ జాన్సన్ హోటల్. ఎన్నోసార్లు దాని ముందు నుంచి నడిచాను. నేనున్న రోజుల్లో అది హోటల్ కాదు, ఆఫీసులు నడిచే పాత ఎత్తైన భవనం. ఏమిటో తెలియక ఎప్పుడూ తలెత్తి చూడలేదు.

ఆ చలికాలమంతా లైబ్రరీలో కూర్చుని ఆయన గురించి చదివాను. 1923లో అలబామాలో ఒక పల్లెలో పుట్టాడు. అసలు పేరు హైరమ్. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం, బతికినన్నాళ్ళూ నడుంనొప్పి. గిటార్ నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. అందరూ ఆయన్ని టీ టాట్ అనేవారు. బడి నీడలో చదువుకున్న చదువు కాదది, వీధిలో, దుమ్ములో నేర్చుకున్నది. అందుకే హ్యాంక్ పాటలో ఆ బ్లూస్ జీర, నల్లజాతివాళ్ళ దిగులు పాటల జీర, అంత సహజంగా ఉంటుందని నేను నమ్ముతాను. 1949లో ఒక్క పాట పదహారు వారాలు మొదటి స్థానంలో నిలిచి ఆయన్ని ఆకాశానికి ఎత్తింది. ఆ జూన్‌లో నాష్‌విల్ రైమన్ ఆడిటోరియంలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరుమోసిన కంట్రీ రేడియో కార్యక్రమం వేదిక ఎక్కాడు. మూడేళ్ళు దాటీ దాటగానే, 1952 ఆగస్టులో, తాగి వస్తున్నాడనీ, కార్యక్రమాలకు ఎగ్గొడుతున్నాడనీ అదే ఆప్రీ ఆయన్ని తీసేసింది. తాగుడుకు తోడు నొప్పికి సూదులు, నిద్రకు మందులు. ఆ మందులు రాసిచ్చినవాడు అసలు డాక్టరే కాదు, డాక్టరునని చెప్పుకు తిరిగేవాడు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఒకే రోజు స్టూడియోలో కూర్చుని పాడిన పాటల్లో 'యువర్ చీటిన్ హార్ట్' ఒకటి. ఆయన పోయాక విడుదలైంది. ఆయన బతికుండగా బయటికొచ్చిన చివరి రికార్డు పేరు 'ఐ'ల్ నెవర్ గెట్ ఔట్ ఆఫ్ దిస్ వరల్డ్ అలైవ్'. ప్రాణాలతో ఈ లోకంలోంచి బయటపడేది లేదని. నిజానికి అది సరదా పాట, నవ్విస్తూ సాగుతుంది. జనవరిలో, పాడిన మనిషిని మట్టిలో పెట్టాక, అది మొదటి స్థానానికి వెళ్ళింది.

ఇక ఆ ప్రయాణం. డిసెంబర్ 31న వెస్ట్ వర్జీనియాలోని చార్లెస్టన్‌లో, జనవరి 1న ఒహాయోలోని క్యాంటన్‌లో ప్రోగ్రాములు ఒప్పుకున్నాడు. అలబామాలోని మాంట్‌గమరీ నుంచి బయలుదేరాడు. కారు తనదే, లేత నీలం కాడిలాక్. నడపడానికి ఒక కుర్రవాడిని పెట్టుకున్నాడు. చార్లెస్ కార్, కాలేజీలో మొదటి సంవత్సరం, సెలవులకు ఇంటికి వచ్చినవాడు. అతని తండ్రికి మాంట్‌గమరీలో టాక్సీల వ్యాపారం.

ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. టాక్సీవాళ్ళ అబ్బాయి. నేనూ టాక్సీవాళ్ళ అబ్బాయినే. మా నాన్న రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండ్ దగ్గర అంబాసిడర్ నడిపేవాడు. నాన్నకి ఒక్కటే బండి, అదీ అప్పు మీద. సెలవుల్లో నేనూ పక్కన కూర్చుని లాంగ్ ట్రిప్పులకు వెళ్ళేవాణ్ణి. రాత్రిపూట నాన్నకి నిద్ర రాకుండా మాట్లాడుతూ ఉండడం నా పని.

డిసెంబర్ 31న వాళ్ళు నాక్స్‌విల్ చేరారు. అక్కడి నుంచి విమానం ఎక్కారు గానీ వాతావరణం బాగాలేక అది వెనక్కి వచ్చేసింది. చార్లెస్టన్ ప్రోగ్రాం పోయింది. ఆండ్రూ జాన్సన్‌లో గది తీసుకున్నారు. అక్కడి డాక్టరు ఒకాయన వచ్చి రెండు ఇంజెక్షన్లు ఇచ్చాడు, విటమిన్ బి12లో మార్ఫిన్ కలిపి. క్యాంటన్ ప్రోగ్రాం మధ్యాహ్నానికి ఉంది, రాత్రికి రాత్రే బయలుదేరాలని కబురొచ్చింది. హోటల్ పోర్టర్లు ఆయన్ని దాదాపు మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. రాత్రి పదిన్నర దాటింది.

2005 డిసెంబర్ 31. నా రూమ్మేటు వరంగల్ కుర్రాడు, నన్ను అన్నా అనేవాడు. అందరూ చుట్టాల ఇళ్ళకీ, న్యూయార్క్‌కీ వెళ్ళిపోయారు. మేమిద్దరం మిగిలాం. వాడికి ఒక పాత కరోలా ఉంది. ఆ దారిలో, హ్యాంక్ కారు చివరికి ఆగిన వెస్ట్ వర్జీనియాలోని ఓక్ హిల్ దాకా వెళ్ళొద్దామా అని అడిగాను. "పోదాం పదన్నా, రూంల కూసుని ఏం జేస్తం" అన్నాడు. ఎందుకు, ఎవరికోసం అని అడగలేదు. ఆ మాటకి వాడంటే నాకు ఈరోజుకీ ప్రేమ.

గే స్ట్రీట్‌లో ఆ భవనం ముందు కారు ఆపి, పైకి చూసి, పదిన్నర దాటాక బయలుదేరాం. 11డబ్ల్యూ అనే పాత రోడ్డు. బ్లెయిన్ అనే చిన్న ఊరు దగ్గర చార్లెస్ కార్‌ని పోలీసు ఆపింది ఆ రోడ్డు మీదే. కారు అడ్డదిడ్డంగా వెళ్ళిందని ఆపాడు. వెనక సీట్లో మనిషి తెల్లగా పాలిపోయి ఉండడం చూసి, చచ్చిపోయినవాడిలా ఉన్నాడేంటని అడిగాడు. మందు ఇచ్చారు, నిద్రపోతున్నాడని కార్ చెప్పాడు. రట్లెడ్జ్‌లో ఇరవై ఐదు డాలర్ల జరిమానా కట్టి మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాడు.

రట్లెడ్జ్ దాటాక మావాడు నిద్రొస్తోందని వెనక సీట్లోకి వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రోడ్డు మీద మేమొక్కరమే. అప్పుడప్పుడు ఒక చర్చి, దాని ముందు లైటు, మళ్ళీ చీకటి. బ్రిస్టల్ దాటాం. 1927లో తొలితరం కంట్రీ గాయకులు కార్టర్ కుటుంబాన్నీ జిమ్మీ రోజర్స్‌నీ మొదటిసారి రికార్డు చేసిన ఊరు అది. కంట్రీ సంగీతానికి పుట్టిల్లంటారు. పగలైతే దిగి చూసేవాణ్ణేమో. ఆ రాత్రి నా ధ్యాసంతా అద్దం మీదే ఉంది. మలుపుల్లో వెనక సీట్లో దుప్పటి కదులుతోంది, మనిషి కదులుతున్నాడో లేదో తెలియడం లేదు. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచాను. "ఏందన్నా?" అన్నాడు నిద్రమత్తులో. ఏం లేదు, పడుకో అన్నాను. చెమట పట్టిన చేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాను. నాకు పలికే మనిషి ఉన్నాడు. చార్లెస్ కార్‌కి లేడు.

బ్లూఫీల్డ్ దగ్గర అతను ఇంకో డ్రైవర్‌ని తోడు తీసుకున్నాడంటారు. ఆ తర్వాత ఎక్కడో వెనక్కి చూస్తే కప్పిన కోటూ దుప్పటీ జారిపోయి ఉన్నాయి. సరిచేద్దామని చెయ్యి ముట్టుకున్నాడు. బిగుసుకుపోయి ఉంది. పెట్రోల్ బంకులో అడిగి ఓక్ హిల్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఏడు గంటలకు, హ్యాంక్ చనిపోయాడని డాక్టరు రాశాడు. ప్రాణం ఏ ఊరి దగ్గర పోయిందన్నది ఈనాటికీ వాదనే. కొందరు నాక్స్‌విల్‌లోనే పోయిందంటారు. అదే నిజమైతే ఆ కుర్రవాడు రాత్రంతా ఒక శవానికి సారథి.

మేం ఓక్ హిల్ చేరేసరికి తెల్లవారింది. పండగ పూట చిన్న ఊరు, అన్నీ మూసే ఉన్నాయి. రోడ్డు పక్కన మంచు మురికిగా గట్టిపడి ఉంది. ఒక బంకులో కాఫీ కొనుక్కుని కారు బానెట్ మీద పెట్టుకుని తాగాం. మావాడికి అక్కడ మొదటిసారి కథంతా చెప్పాను. ఆ మధ్యాహ్నం క్యాంటన్‌లో నాలుగు వేలమంది ఎదురుచూస్తుంటే వేదిక మీద ఒకరు వచ్చి హ్యాంక్ విలియమ్స్ ఇక లేడని చెప్పారు. మళ్ళీ ఎగ్గొట్టాడనుకుని కొందరు నవ్వారు. తెర వెనక హాక్‌షా హాకిన్స్, మిగతా గాయకులూ హ్యాంక్ రాసిన భక్తి పాట 'ఐ సా ద లైట్' అందుకున్నాక నవ్వులు ఆగి, హాలంతా కలిసి పాడింది. ఆ హాకిన్స్ పదేళ్ళ తర్వాత, 1963 మార్చి 5న, గాయని ప్యాట్సీ క్లైన్‌తో పాటు విమానం కూలి చనిపోయాడు. మావాడు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే విని, "ఆ డ్రైవర్ పిలగాడు మల్ల ఎట్ల నడిపిండన్నా బండి?" అన్నాడు.

ఆ రాత్రి రూమ్‌కి వచ్చాక కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రెండో తారీకు పొద్దున్న ఏడున్నర. నాన్న అప్పటికి బండి అమ్మేసి మూడేళ్ళయింది. రాత్రంతా కారు నడిపానని తెలిసి ముందు తిట్టాడు. "ఏరా, చదువుకోమని పంపితే రాత్రిళ్ళు రోడ్ల మీద తిరుగుతున్నావా?" తర్వాత, ఎందుకెళ్ళావని అడిగితే చెప్పాను. పాటల సంగతికి ఊఁ కొట్టాడు. డ్రైవర్ కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి ఊఁ కొట్టడం ఆగిపోయింది. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"నాకూ జరిగిందిరా" అన్నాడు.

విశాఖపట్నంలో పెద్దాసుపత్రి నుంచి ఒక పెద్దమనిషిని కోనసీమలో వాళ్ళ ఊరికి తీసుకెళ్తున్నాడట. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. ముందు సీట్లో కొడుకు. వెనక సీట్లో భార్య, ఆమె ఒళ్ళో ఆయన తల. శీతాకాలం, మంచు. తుని దాటాక ఆమె మాట్లాడడం మానేసింది. అన్నవరంలో తొలి పావంచాల దగ్గర నాన్న అలవాటు ప్రకారం బండి ఆపి, దిగి, దణ్ణం పెట్టుకుని, హుండీలో చిల్లర వేసి వచ్చాడు. మళ్ళీ ఎక్కి అద్దం సర్దుకుంటుంటే చూశాడు. మలుపు తిరిగినప్పుడు ఆయన తల ఎటు వాలితే అటే ఉండిపోతోంది. ఆమె చేత్తో తిప్పి మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంటోంది. అద్దంలో ఆమె నాన్న వైపు చూసింది.

"చెబితే నేను దింపేస్తాననుకుంది రా ఆవిడ. శవమంటే ఏ టాక్సీవాడూ ఎక్కించుకోడు కదా. నడిరోడ్డు మీద, రాత్రిపూట, ఆడమనిషి. నాకు తెలిసిందని ఆవిడకి తెలియకూడదని నేనూ ఏం మాట్లాడలేదు. కొడుకు నిద్రలో ఉన్నాడు. వాణ్ణి లేపలేదు. రావులపాలెం వంతెన మీద తెల్లారింది. అప్పటిదాకా ఆవిడా నేనూ అద్దంలో ఒకర్నొకరం చూసుకుంటూనే ఉన్నాం."

ఇంటి ముందు ఆగాక ఆమె దిగి నాన్నకి చేతులెత్తి దణ్ణం పెట్టిందట. ఏడుపు అప్పుడు మొదలైంది. ఒప్పుకున్న కిరాయే తీసుకున్నాడు. గోదావరి రేవులో బండి కడిగి, తనూ తల మీద నుంచి స్నానం చేసి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నాకు గుర్తుంది. నాకు ఆరేడేళ్ళు. నాన్న తడి బట్టలతో వచ్చి, అమ్మ ఎంత అడిగినా ఏమీ చెప్పకుండా పడుకున్నాడు. ఎవరికీ చెప్పలేదట. ఇరవై ఏళ్ళ తర్వాత కాలింగ్ కార్డు మీద నాకు చెప్పాడు. అందులో నిమిషాలు అయిపోయి ఫోన్ కట్ అయ్యేముందు రెండు ప్రశ్నలు అడిగాడు. ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడు? బండి ఏమైంది?

రెండింటికీ జవాబులు సంపాదించాను. చార్లెస్ కార్ మాంట్‌గమరీలోనే స్థిరపడ్డాడు, వ్యాపారం చేసుకున్నాడు. అడిగినవాళ్ళకల్లా ఆ రాత్రి గురించి చెబుతూ బతికాడు. 2013లో పోయాడు. బండి మాంట్‌గమరీలో హ్యాంక్ పేరుతో ఉన్న మ్యూజియంలో ఉంది.

తర్వాతి ఏళ్ళలో ఆ తారీకు చుట్టూ ఇంకొందరు వచ్చి చేరారు. పియానో వాయించే మూన్ మల్లికన్, హ్యాంక్‌తో కలిసి 'జాంబలాయా' పాట రాశాడని చెప్పుకునే మనిషి, 1967 జనవరి 1న పోయాడు. హ్యాంక్‌ని గుండెల్లో పెట్టుకున్న టెక్సస్ కవి టౌన్స్ వాన్ జాంట్ 1997 జనవరి 1న పోయాడు, యాభై రెండేళ్ళకి, నాష్‌విల్‌కి దగ్గర్లో స్మర్నాలో. ఆ వార్త తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఒక్క మంచి సంగతి ఉంది. 1950ల చివర్లో ఒక కొత్త సంవత్సరం రోజున జానీ క్యాష్ కాలిఫోర్నియాలో శాన్ క్వెంటిన్ జైలులో పాడాడు. గొంతు బొంగురుపోయి ఉన్నా ఖైదీలందర్నీ కట్టిపడేశాడట. ఆ ఖైదీల్లో ఇరవై దాటిన మెర్ల్ హ్యాగర్డ్ ఒకడు. 1960లో బయటికొచ్చి, ఆ సంగీతంలోనే మహామనిషి అయ్యాడు. టౌన్స్ రాసిన పాటని విల్లీ నెల్సన్‌తో కలిసి పాడి 1983లో మొదటి స్థానానికి తీసుకెళ్ళిందీ ఆయనే. జనవరి ఒకటిన అన్నీ చావు పాటలే వింటావేంటని మా ఆవిడ అంటే, జైలు సంగతి చెప్పి హ్యాగర్డ్ పాట పెడతాను.

2012లో నాన్న అమెరికా వచ్చాడు. నేను అప్పుడు అట్లాంటాలో ఉద్యోగం. నయాగరా చూపిస్తానన్నాను. "ముందు ఆ కారు చూపించు" అన్నాడు. రెండున్నర గంటల ప్రయాణం. దారంతా పక్క సీట్లో కూర్చుని నాకు నిద్ర రాకుండా మాట్లాడుతూనే ఉన్నాడు, పట్టపగలు అయినా సరే.

ముందు సమాధి దగ్గరికి వెళ్ళాం. రాతితో చెక్కిన ఆయన టోపీ అక్కడ ఉంది. 1953 జనవరి 4న ఆ ఊళ్లో అంత్యక్రియలకు దాదాపు ఇరవై వేలమంది వచ్చారనీ, నల్లవాళ్ళని మాత్రం ఆడిటోరియం బాల్కనీలో విడిగా కూర్చోబెట్టారనీ చెప్పాను. గిటార్ నేర్పిన గురువు నల్లాయన కదా అన్నాడు నాన్న. అప్పటికే పోయాడని చెప్పాను. చెప్పులు విప్పి సమాధికి దణ్ణం పెట్టుకున్నాడు.

మ్యూజియంలో కాడిలాక్ మెరుస్తూ ఉంది. జనం వెనక సీటు వైపు చేరి చూస్తున్నారు. నాన్న అటు వెళ్ళలేదు. డ్రైవర్ వైపుకి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా వంగాడు. స్టీరింగ్ చూశాడు. తర్వాత ఇంకాస్త వంగి, మెడ తిప్పి, అద్దంలోకి చూశాడు. ఒక్క అడుగు పక్కకి జరిగి మళ్ళీ చూశాడు.

"ఇక్కణ్ణుంచి కనబడుతుందిరా" అన్నాడు.